ఆరోగ్య బీమా: అర్హత చూసుకోవడం నుంచి అంబుడ్స్‌మన్ దాకా

మన దేశంలో ఆరోగ్య బీమా నిబంధనలను బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో తిరగరాసింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నియమాలు, మే 29న వెలువడిన మాస్టర్ సర్క్యులర్ (ఆదేశాలన్నీ ఒకచోట చేర్చిన ఉత్తర్వు) కలిసి పాలసీదారుకు గతంలో లేనంత బలం ఇచ్చాయి. అయినా ఆస్పత్రి బిల్లింగు కౌంటరు ముందు నిలబడ్డ మనిషి ఇప్పటికీ “కంపెనీ ఒప్పుకోలేదట” అన్న ఒక్క మాట విని, నగలు తాకట్టు పెట్టి డబ్బు కట్టి ఇంటికి వెళ్తున్నాడు. ఒప్పుకోనిది ఎవరు, ఏ షరతు కింద, ఆ మాట రాసి ఇచ్చారా అని అడిగేవారు తక్కువ. నన్ను బాధపెట్టేది అదే.

బీమాలో నోటిమాట చెల్లదు. ఏజెంటు చెప్పినా, కౌంటరులో చెప్పినా, మనం చెప్పినా అంతే. కాగితం మీద ఉన్నదే నిలుస్తుంది. అందుకే ఒక్కో మెట్టులో ఏ కాగితం చదవాలో, ఏది అడిగి తీసుకోవాలో వివరంగా చెబుతాను.

మొదటి మెట్టు: మీకు ఇప్పటికే ఏ రక్షణ ఉందో చూసుకోండి

పాలసీ కొనే ముందు ఈ పని చేసేవారు చాలా తక్కువ. ఇంట్లో ఎవరికి ఏ పథకం వర్తిస్తుందో ఒక కాగితం మీద పేరుపేరునా రాసుకోండి.

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. రెండింటికీ మూలం 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ. కుటుంబానికి ఏడాదికి ఇచ్చే పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణ 10 లక్షల రూపాయలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. తెలంగాణలో ఆహార భద్రత కార్డు ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డు ఉన్నవారితో పాటు, ఏడాది ఆదాయం 5 లక్షల లోపు ఉన్న కుటుంబాలనూ 2019 తర్వాత పథకంలోకి తెచ్చారు. మధ్యతరగతి వారు చాలామంది తమకు రాదని ముందే అనుకుని కనుక్కోరు, కనుక్కోండి. రాష్ట్ర పథకాలకు 104 నంబరు ఉంది. అనుబంధ ఆస్పత్రిలోకి వెళ్లగానే పథకం తరఫున రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్ర ఉండే కౌంటరు ఎక్కడో అడగండి. ముందు డబ్బు కట్టి చేరి, తర్వాత పథకంలోకి మార్చమంటే పని చాలా కష్టమవుతుంది.

కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ 2018 సెప్టెంబరు 23న మొదలైంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, కుటుంబ సభ్యుల సంఖ్యకు పరిమితి లేదు, పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఈ 5 లక్షల రక్షణ ఉంది. ఆధార్‌లో ఉన్న వయసే ప్రమాణం. ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ 70 దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి. అప్పటికే పథకంలో ఉన్న కుటుంబమైతే పెద్దలకు మరో 5 లక్షలు విడిగా వస్తాయి. ప్రైవేటు పాలసీ ఉన్నా, ఉద్యోగుల బీమా పథకం ఈఎస్ఐ ఉన్నా ఈ కార్డు తీసుకోవచ్చు. కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ వంటి వైద్య పథకాలు ఉన్నవారు మాత్రం రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. మీ అమ్మానాన్నలకు 70 దాటి ఉంటే ఈ వారమే కార్డు తీయించండి. సహాయానికి 14555.

నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట ఉద్యోగం చేస్తుంటే ఈఎస్ఐ మీ హక్కు. జీతంలో మీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. జీతం చీటీలో ఈ కోత కనిపిస్తూ ఉండి, మీ పేరున బీమా నంబరు లేకపోతే యజమానిని వెంటనే నిలదీయండి. కనీసం ఐదేళ్లు బీమా ఉన్న ఉద్యోగంలో ఉండి పదవీ విరమణ చేసినవారు ఏడాదికి 120 రూపాయలు కట్టి తమకూ జీవిత భాగస్వామికీ ఈఎస్ఐ వైద్యం కొనసాగించుకోవచ్చు. ఏటా పోయేది 120 రూపాయలే అయినా ఈ సౌకర్యాన్ని వదులుకుంటున్న పెద్దవాళ్లు ఎందరో.

ఇక ఉద్యోగంలో కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీ. మంచిదే, తరచుగా ప్రసూతి ఖర్చులు, పాత జబ్బులు కూడా అందులో వస్తాయి. అయితే ఉద్యోగంతోనే పోతుంది. నలభై ఐదేళ్ల వయసులో, బీపీ మాత్రలు వేసుకుంటూ, ఉద్యోగం పోయిన నెలలో కొత్త పాలసీ కోసం వెతకడం ఎవరికీ వద్దు. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా కంపెనీలోని వ్యక్తిగత పాలసీకి మారే హక్కు మీకు ఉంది. రాజీనామా లేఖ ఇచ్చే ముందే బీమా కంపెనీకి ఈమెయిల్ పంపండి.

రెండో మెట్టు: ఏ రకం, ఎంత

రకాలు చూడటానికి చాలా కనిపిస్తాయి గానీ నిజానికి కొన్నే. ఒక్కొక్కరికి విడిగా ఉండేది వ్యక్తిగత పాలసీ. ఇంటిల్లిపాదికీ ఒకే మొత్తం ఉండేది ఫ్లోటర్. యువ దంపతులకు, పిల్లలకు ఫ్లోటర్ చవక. అమ్మానాన్నలను అందులో కలపవద్దని నా గట్టి సలహా: ప్రీమియం అందరిలోకీ పెద్ద వయసువారిని బట్టి పడుతుంది, వాళ్లకు ఒక పెద్ద ఆపరేషన్ అయితే మిగతా వారికి ఆ ఏడాది మిగిలేది కొద్దిగానే. వాళ్లకు విడిగా తీసుకోండి. కొత్త పాలసీ తీసుకోవడానికి 65 ఏళ్ల పరిమితి 2024 ఏప్రిల్ నుంచి లేదు.

క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ అనేది వేరే వస్తువు. జాబితాలోని జబ్బు నిర్ధారణ అయితే ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తుంది. ఆస్పత్రి బిల్లుతో దానికి సంబంధం లేదు. రోజుకు ఇంత అని ఇచ్చే హాస్పిటల్ క్యాష్ కూడా అలాంటిదే. ఇవి మామూలు పాలసీ ఉన్నాక చేర్చుకునేవే. వీటిని చూసి బీమా ఉందనుకోవడం ప్రమాదం.

రక్షణ పెంచుకోవడానికి సూపర్ టాప్‌అప్ మంచి దారి. టాప్‌అప్‌కూ దీనికీ తేడా కచ్చితంగా తెలుసుకోండి. మీకు 5 లక్షల మామూలు పాలసీ, 5 లక్షలు దాటిన తర్వాత పనిచేసే అదనపు పాలసీ ఉన్నాయనుకుందాం. ఒకే ఏడాదిలో రెండుసార్లు ఆస్పత్రిలో చేరారు, ఒక్కోసారి బిల్లు 4 లక్షలు. మొదటి పాలసీ 4 లక్షలు, ఆపై మిగిలిన ఒక లక్ష ఇస్తుంది. మిగతా 3 లక్షల సంగతి? అదనపు పాలసీ మామూలు టాప్‌అప్ అయితే ఏమీ ఇవ్వదు, ఎందుకంటే ఏ ఒక్క బిల్లూ 5 లక్షలు దాటలేదు. సూపర్ టాప్‌అప్ ఏడాది మొత్తం బిల్లులను కలిపి చూస్తుంది కాబట్టి ఆ 3 లక్షలు ఇస్తుంది. కొనేటప్పుడు పేరులో “సూపర్” అన్న మాట ఉందో లేదో చూడటం చాలదు. ఆ 5 లక్షలు దాటాలన్న పరిమితి ఒక్కో క్లెయిముకా, ఏడాది మొత్తానికా అన్నది పాలసీ పత్రంలో చదవండి.

అన్ని కంపెనీల పాలసీలూ పోల్చి చూసే ఓపిక లేనివారికి ఆరోగ్య సంజీవని ఉంది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఈ ప్రామాణిక పాలసీ షరతులు ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే. మారేది ప్రీమియం, సేవ మాత్రమే. ప్రతి క్లెయిములో 5 శాతం మీరు భరించాలి, గది అద్దెకు పరిమితి ఉంది. పెద్ద నగరంలోని పెద్ద ఆస్పత్రికి ఇది చాలదు. ఏమీ లేకుండా ఉండటం కంటే మాత్రం ఎంతో మేలు.

ప్రీమియం విషయానికి వస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, ఫ్లోటర్, సీనియర్ సిటిజన్ ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ లేదు. అంతకుముందు 18 శాతం ఉండేది. పాత పన్ను విధానంలో ఉన్నవారికి 80డి పేరుతో తెలిసిన మినహాయింపు వర్తిస్తుంది: తమ కుటుంబానికి 25,000, సీనియర్ సిటిజన్లయిన తల్లిదండ్రుల కోసం 50,000 రూపాయల దాకా. కొత్త విధానంలో ఇది లేదు. పన్ను కోసం బీమా కొనవద్దు.

మూడో మెట్టు: ప్రపోజల్ ఫారం మీ చేత్తో నింపండి

ఈ మార్గదర్శిలో మీరు ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవమంటాను. తిరస్కరణకు గురయ్యే క్లెయిములలో కంపెనీలు తరచుగా చూపే కారణం ఒకటే: “పాలసీ తీసుకునేటప్పుడు మీరు ఈ జబ్బు సంగతి చెప్పలేదు.”

ప్రపోజల్ ఫారం అంటే పాలసీ కోసం ఇచ్చే దరఖాస్తు. ఏజెంటు ఫోనులోనే దాన్ని నింపేస్తాడు. “ఏమైనా పెద్ద జబ్బులున్నాయా?” అని అడుగుతాడు. మీరు లేవంటారు, మనసులో కూడా అబద్ధం లేదు. థైరాయిడ్ మాత్ర, ఎప్పుడో జరిగిన అపెండిక్స్ ఆపరేషన్, ఆరు నెలలు వాడి మానేసిన బీపీ మందు మీ లెక్కలో పెద్ద జబ్బులు కావు. ఫారంలో అన్ని ప్రశ్నలకూ “కాదు” అని టిక్కు పడుతుంది, మీ ఫోనుకు ఓటీపీ వస్తుంది, మీరు చెప్పేస్తారు. ఆ ఓటీపీయే మీ సంతకం. ఇక ఆ జవాబులు ఏజెంటువి కావు, మీవి.

కాబట్టి ఓటీపీ చెప్పే ముందు నింపిన ఫారం మొత్తం మీకు పంపమనండి. వాడుతున్న ప్రతి మందు, ఆస్పత్రిలో చేరిన ప్రతి సందర్భం, పొగ తాగడం, మద్యం, అన్నీ రాయండి. అవసరమైతే పాత రిపోర్టులు జతచేయండి. ప్రీమియం కొంత పెరగవచ్చు, ఆ జబ్బుకు కొంతకాలం క్లెయిము ఇవ్వని నిరీక్షణ కాలం పెట్టవచ్చు, కొన్నిసార్లు పాలసీ ఇవ్వమని కూడా అనవచ్చు. ఇదంతా ఇప్పుడు తెలియడమే మంచిది, ఐసీయూ బయట కూర్చున్నప్పుడు కాదు. మీరు జబ్బు చెప్పాక, అన్నీ చూసుకుని కంపెనీ పాలసీ ఇచ్చాక, అదే జబ్బును కారణంగా చూపి క్లెయిము తిరస్కరించడం కుదరదని సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో తీర్పు చెప్పింది. దాచకుండా చెప్పినవారికి ఇంత గట్టి రక్షణ ఉంది.

నింపిన ప్రపోజల్ ఫారం నకలు పాలసీతో పాటు మీకు రావాలి. రాకపోతే ఈమెయిల్ ద్వారా అడిగి తెప్పించుకోండి.

నాలుగో మెట్టు: పాలసీ చేతికి వచ్చాక 30 రోజులు మీవే

దీన్నే ఫ్రీ లుక్ అంటారు. పాలసీ నచ్చకపోతే, చెప్పినట్టు లేకపోతే, 30 రోజుల్లో తిప్పి పంపవచ్చు. వైద్య పరీక్షలకు, స్టాంపు సుంకానికి, గడిచిన రోజులకు పోను మిగిలిన ప్రీమియం తిరిగి వస్తుంది. ఈ 30 రోజుల్లో పాలసీ పత్రం మొత్తం చదవడం కష్టమైతే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ చదవండి. 2024 జనవరి 1 నుంచి ప్రతి పాలసీతోనూ సులభమైన భాషలో ఇది ఇవ్వాల్సిందే. మన భాషలో కావాలంటే అడిగే హక్కు ఉంది. దానిలో ఈ విషయాలు వెతకండి:

- గది అద్దెకు పరిమితి ఉందా
- ప్రతి క్లెయిములో మీ వాటా ఎంత శాతం
- ఏ ఆపరేషన్‌కు విడిగా పరిమితి ఉంది (శుక్లాలు, మోకీలు మార్పిడి వంటివి)
- ఏ జబ్బుకు ఎన్ని నెలల నిరీక్షణ
- చేతి తొడుగులు, సిరంజీల వంటి వాడి పారేసే సామగ్రి ఖర్చు ఇస్తారా

వీటిలో మొదటిది ఎంత ప్రమాదకరమో అంకెలతో చూద్దాం. పాలసీ 5 లక్షలు, గది అద్దె పరిమితి రోజుకు అందులో ఒక శాతం, అంటే 5,000 రూపాయలు. మీరు రోజుకు 8,000 రూపాయల గదిలో ఐదు రోజులు ఉన్నారు. గది తేడా రోజుకు 3,000, మొత్తం 15,000 నేనే కట్టుకుంటానని అనుకుంటారు. బిల్లు ఇలా వచ్చింది: గది 40,000; సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 1,60,000; మందులు, పరీక్షలు, లోపల అమర్చిన పరికరం 90,000. మొత్తం 2,90,000.

కంపెనీ గదికి 25,000 ఇస్తుంది. అక్కడితో ఆగదు. ఖరీదైన గదిలో ఉంటే డాక్టరు ఫీజు, థియేటర్ ఛార్జీలు కూడా ఎక్కువ వేస్తారన్న లెక్కతో ఆ 1,60,000ను కూడా అదే నిష్పత్తిలో, ఎనిమిదింట ఐదు వంతులకు, అంటే లక్షకు తగ్గిస్తుంది. మందులు, పరీక్షలు, అమర్చిన పరికరాలపై ఈ కోత వేయకూడదని నిబంధన ఉంది కాబట్టి 90,000 పూర్తిగా వస్తుంది. మొత్తం వచ్చేది 2,15,000. మీ జేబు నుంచి పోయేది 15,000 కాదు, 75,000.

ఈ లెక్క తెలిస్తే రెండు పనులు చేయగలరు. కొనేటప్పుడు గది అద్దెకు పరిమితి లేని పాలసీ ఎంచుకోవచ్చు. ఇప్పటికే పరిమితి ఉంటే, చేరేటప్పుడు ఆ పరిమితిలో ఉండే గదే అడగవచ్చు. ఇంకొకటి: మందులు, పరీక్షలు, పరికరాలపై కోత వేసి పంపితే, లేదా ఐసీయూ ఛార్జీలపై వేస్తే, లేదా గదిని బట్టి ఛార్జీలు మార్చని ఆస్పత్రిలో వేస్తే, అది నిబంధనకు విరుద్ధమని రాసి ఆ డబ్బు తిరిగి అడగండి.

ఐదో మెట్టు: కాలాల లెక్క

మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప వేటికీ క్లెయిము రాదు. హెర్నియా, శుక్లాలు, మొలలు వంటి కొన్నిటికి చాలా పాలసీల్లో రెండేళ్ల నిరీక్షణ. ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు. పాత పాలసీ పత్రంలో 48 నెలలని కనిపిస్తే ప్రస్తుత నిబంధన ఏమిటో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. మానసిక జబ్బులకు శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఇంట్లో ఎవరైనా ఆ ఇబ్బందితో ఆస్పత్రిలో చేరాల్సి వస్తే మొహమాటపడకుండా క్లెయిము పెట్టండి.

అన్నిటికంటే విలువైన కాలం 60 నెలలు. పాలసీ విరామం లేకుండా ఐదేళ్లు నడిచాక, మీరు ఏదో చెప్పలేదన్న కారణంతో కంపెనీ క్లెయిము తిరస్కరించలేదు. మోసం జరిగిందని రుజువు చేస్తే తప్ప. ఇదివరకు ఈ కాలం ఎనిమిదేళ్లు ఉండేది. అందువల్ల పాలసీని మధ్యలో తెగనివ్వకండి. ఏడాది ప్రీమియానికి 30 రోజులు, నెలవారీ ప్రీమియానికి 15 రోజులు గ్రేస్ పీరియడ్, అంటే గడువు దాటినా కట్టుకునే వెసులుబాటు ఉంది. అది దాటితే కూడబెట్టిన కాలమంతా పోయి మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలవుతుంది.

గత ఏడాది క్లెయిము చేశారన్న కారణంతో రెన్యువల్ నిరాకరించడం కుదరదు. 60 ఏళ్లు దాటినవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశాలు వచ్చాయి. కంపెనీ సేవ నచ్చకపోతే, రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు చేసి మరో కంపెనీకి మారవచ్చు. అప్పటిదాకా గడిచిన నిరీక్షణ కాలం మీతోనే వస్తుంది. అయితే కొత్త కంపెనీ మిమ్మల్ని తీసుకోవాలన్న నిర్బంధం లేదు. అక్కడ ఒప్పుకున్నట్టు రాసి ఇచ్చేదాకా పాతదాన్ని వదలకండి.

ఆరో మెట్టు: ఆస్పత్రిలో

ముందే తేదీ అనుకున్న ఆపరేషన్ అయితే కనీసం 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల లోపు కంపెనీకి తెలియజేయండి. కంపెనీ జాబితాలో లేని ఆస్పత్రిలో కూడా నగదు రహిత చికిత్స (బిల్లు కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టడం) కోరవచ్చని బీమా కంపెనీల మండలి 2024 జనవరిలో ప్రకటించింది. ఈ 48 గంటల నియమం అక్కడే ముఖ్యం.

నగదు రహిత చికిత్సకు ఆస్పత్రి నుంచి అభ్యర్థన అందిన గంటలోపు కంపెనీ నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి సమయంలో తుది అనుమతి మూడు గంటల్లోపు రావాలి. ఆలస్యం వల్ల ఆస్పత్రి అదనంగా వేసే ఛార్జీ కంపెనీయే భరించాలి. అభ్యర్థన ఎన్ని గంటలకు పంపారో బీమా డెస్కులో అడిగి రాసుకోండి; ఆ సమయం చేతిలో లేకుండా ఆలస్యమైందని నిరూపించలేరు. రోగి మరణిస్తే వెంటనే అనుమతి ప్రక్రియ ముగించి, భౌతికకాయం కుటుంబానికి అందేలా చూడాల్సిన బాధ్యత కూడా కంపెనీదే. ఆ దుఃఖంలో ఎవరూ కౌంటరు ముందు పడిగాపులు కాయనక్కర్లేదు.

ఇప్పుడు నేను ప్రత్యేకంగా హెచ్చరించే విషయం. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు “షుగర్ ఎన్నాళ్ల నుంచి?” అని అడుగుతారు. కంగారులో ఉన్న కొడుకు “చాలా ఏళ్లుగానండి, ఓ పదేళ్లు” అంటాడు. షుగర్ బయటపడింది నాలుగేళ్ల క్రితం, పాలసీ తీసుకుని ఐదో ఏడు నడుస్తోంది. కేస్‌షీటులో మాత్రం పదేళ్లు అని పడింది. ఆ ఒక్క అంకెతో పాలసీకి ముందే జబ్బు ఉన్నట్టు, దాచినట్టు అయింది. తెలియకపోతే “కచ్చితంగా తెలియదు, రిపోర్టు చూసి చెబుతాం” అనండి. తప్పు పడితే, డిశ్చార్జికి ముందే పాత రిపోర్టు చూపించి డాక్టరు చేత సవరించిన లేఖ తీసుకోండి. తర్వాత వెళ్తే ఆ సంతకం దొరకడం కష్టం.

ముందు మనమే బిల్లు కట్టి తర్వాత క్లెయిము చేయాల్సి వస్తే అంశాల వారీ బిల్లు, డిశ్చార్జి సమ్మరీ, మందుల చీటీలు, పరీక్షల రిపోర్టులు, రసీదులు అసలువి తీసుకోండి. ఇచ్చేముందు అన్నీ ఫోనులో ఫొటో తీసుకోండి. మీ వైద్య రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. రెండు పాలసీలుంటే ముందు దేన్ని వాడాలో మీ ఇష్టం. చాలకపోతే మిగతా మొత్తం కోసం రెండో కంపెనీతో సమన్వయం చేయాల్సింది మొదటి కంపెనీ.

ఏడో మెట్టు: కాదన్నప్పుడు

నగదు రహిత అనుమతి రాకపోవడం, క్లెయిము తిరస్కరించడం ఒకటి కాదు. అనుమతి రాకపోయినా బిల్లు కట్టి, తర్వాత పత్రాలతో క్లెయిము చేయవచ్చు. చాలామంది మొదటిదాన్నే చివరి మాట అనుకుని వదిలేస్తారు.

క్లెయిము తిరస్కరించినా, కోత పెట్టినా, పాలసీలోని ఏ షరతు ప్రకారమో చూపిస్తూ కారణం రాసి ఇవ్వాలి. కంపెనీలోని క్లెయిముల సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా తిరస్కరించకూడదు. కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ (టీపీఏ) ఉద్యోగి ఫోనులో చెప్పిన “రిజెక్ట్ అయింది” తిరస్కరణ కాదు.

లేఖ చేతికి వచ్చాక కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఆవేశం వద్దు, పొడవు వద్దు. ఇలా చాలు:

“నా పాలసీ నంబరు ఇది, క్లెయిము నంబరు ఇది. ఫలానా తేదీ లేఖలో ఫలానా షరతు కింద నా క్లెయిము తిరస్కరించారు. ఆ షరతు నాకు వర్తించదు, ఎందుకంటే జతచేసిన రిపోర్టు ప్రకారం జబ్బు మొదటిసారి నిర్ధారణ అయింది ఫలానా తేదీన, పాలసీ మొదలైన తర్వాత. సమీక్ష కమిటీ నిర్ణయం ప్రతి ఇవ్వండి. క్లెయిము మొత్తాన్ని, ఆలస్యానికి బ్యాంకు రేటుపై 2 శాతం అదనపు వడ్డీతో చెల్లించండి.”

రెండు వారాల్లో జవాబు రావాలి. అదే ఫిర్యాదును ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో కూడా నమోదు చేయండి. ఫోనులో అయితే 155255. ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఆ సంస్థ స్వయంగా తీర్పు చెప్పదు, ఫిర్యాదును కంపెనీ చేత పరిష్కరింపజేస్తుంది. అయినా నమోదు చేయండి, తేదీతో సహా ఆధారం మిగులుతుంది.

నెల రోజులు గడిచినా జవాబు రాకపోతే, వచ్చిన జవాబు సరిగా లేకపోతే, ఏడాదిలోపు, బీమా ఫిర్యాదులపై తీర్పు చెప్పే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు, ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు. 50 లక్షల రూపాయల దాకా ఉన్న వివాదాలు చూస్తారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ యానాంకూ హైదరాబాద్‌లోని కార్యాలయమే. తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి. చేయకపోతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు చెల్లించాలి. తీర్పు మీకు నచ్చకపోతే దానికి కట్టుబడాల్సిన పనిలేదు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ముందు కమిషన్‌లో కేసు వేసి తర్వాత అంబుడ్స్‌మన్ దగ్గరికి వస్తే మాత్రం తీసుకోరు. అందుకే ఈ వరుస పాటించండి.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. కంపెనీ కార్యాలయం ఏ ఊళ్లో ఉన్నా ఫరవాలేదు. జిల్లా కమిషన్ పరిధిని మీరు చెల్లించిన మొత్తాన్ని బట్టి, అంటే ప్రీమియాన్ని బట్టి లెక్కిస్తారు, క్లెయిమును బట్టి కాదు. అందువల్ల ఆరోగ్య బీమా కేసులు దాదాపు అన్నీ జిల్లాలోనే పడతాయి, 5 లక్షల లోపు ప్రీమియానికి రుసుమూ ఉండదు. గడువు రెండేళ్లు. ఎలా వేయాలో తెలియకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేసి అడగండి. ఫిర్యాదులో క్లెయిము మొత్తం, దానిపై వడ్డీ, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు విడివిడిగా అంకెలతో కోరండి. అడగనిదాన్ని కమిషన్ తనంతట తాను ఇస్తుందని ఆశించవద్దు.